గళ్ల నోటుబుక్కులో నా డేట్ లెక్క

నాకు పీరియడ్స్ మొదలైంది 12 ఏళ్లకి. రాసుకోవడం మొదలుపెట్టింది మాత్రం 14 దాటాక. మధ్యలో ఆ రెండేళ్లూ ఏం చేశావే అంటే ఏమీ చేయలేదు, వచ్చినప్పుడు వచ్చాయి, పోయినప్పుడు పోయాయి. "పోయినసారి ఎప్పుడొచ్చాయే?" అని అమ్మ అడిగితే "పోయిన నెలలో... పరీక్షలకి ముందో, తర్వాతో" అనేదాన్ని. అమ్మ కూడా గట్టిగా అడిగేది కాదు, ఎందుకంటే తన లెక్క కూడా బుర్రలోనే ఉండేది.

ఒకరోజు మూడు గంటల పరీక్ష రాస్తున్నాను. రెండో గంటలో తెలిసింది. లేచి బయటికి వెళ్లాలంటే అందరి ముందు నుంచి నడవాలి, వెనక బెంచీల్లో అబ్బాయిలు, ఇంకేం చేస్తాను, కాళ్లు దగ్గరగా పెట్టుకుని అలాగే కూర్చుని రాశాను. ఏం రాశానో దేవుడికే తెలియాలి. బెల్లు కొట్టాక అందరూ వెళ్లేదాకా పేపరు సరిచూసుకుంటున్నట్టు నటించాను. నా ఫ్రెండ్ ఒకతి తిరిగి వచ్చి, ఏమీ అడక్కుండా తన స్వెటర్ నా నడుముకి కట్టేసింది. ఇంటికొచ్చి బట్టలు నానబెట్టుకుంటూ అనుకున్నాను, ఇది వచ్చే రోజు నాకు ముందే తెలియాలి అని. నాకు కావాల్సింది అదొక్కటే. తేదీ.

లెక్కల కోసం కొన్న గళ్ల నోటుబుక్కు ఒకటి సగం ఖాళీగా ఉంటే దాని వెనక పేజీ తిప్పి మొదలుపెట్టాను. ఒక్కో గడి ఒక్కో రోజు. వచ్చిన రోజు నుంచి ఆగిన రోజు వరకు ఎర్ర పెన్నుతో నింపడం, అంతే. రెండోసారి వచ్చినప్పుడు మధ్యలో ఖాళీ గళ్లు లెక్కపెట్టాను, 25 వచ్చాయి. అబ్బ, నా సైకిల్, అంటే ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య లెక్క, 25 రోజులు అని తెగ సంతోషపడిపోయాను. ఆ లెక్కన కేలెండర్ మీద తర్వాతి డేట్ కూడా గుర్తు పెట్టేసుకున్నాను.

ఆ లెక్క తప్పు. మా సైన్స్ మేడమ్‌కి ఎందుకో ధైర్యం చేసి చూపిస్తే ఆవిడ నవ్వి, "ఆగిన రోజు నుంచి కాదమ్మా, మొదలైన రోజు నుంచి లెక్కపెట్టాలి" అన్నారు. అంటే సరిగ్గా రక్తం వచ్చిన మొదటి రోజు 1వ రోజు. మళ్లీ వచ్చే ముందు రోజు ఆ సైకిల్‌కి ఆఖరి రోజు. రక్తస్రావం అయ్యే రోజులు కూడా అందులోవే. ముందురోజు కాస్త గోధుమరంగు మరకలా కనిపిస్తుంది చూడండి, దాన్ని 1వ రోజు కింద వేయకూడదట, ప్యాడ్ పెట్టుకోవాల్సి వచ్చిన రోజే లెక్క. ఆ ప్రకారం చూస్తే నాది 25 కాదు, 33. ఎర్ర గళ్లు ఉన్నాయి కాబట్టి మళ్లీ లెక్కేసుకోగలిగాను, ఉత్త "25" అని రాసుకుని ఉంటే ఆ నెల పోయినట్టే. అప్పటి నుంచీ నేను అంకె రాయను, తేదీలు రాస్తాను. అంకె ఎప్పుడైనా తీసుకోవచ్చు.

రెండో సైకిల్ 41 రోజులు వచ్చింది. నేను 34వ రోజు నుంచీ ప్యాడ్ పెట్టుకుని తిరిగాను, వారం రోజులు ఊరికే, తొడలు ఒరుసుకుపోయి మంట. మూడోది 26కే వచ్చేసింది, అప్పుడు ప్యాడ్ లేదు.

ఇక్కడ నోటుబుక్కు మీద నమ్మకం పోయి ఫోన్‌లో యాప్ వేసుకున్నాను. వేసుకోగానే "మీ సైకిల్ ఎన్ని రోజులు?" అని అడిగింది, తెలియదు అని నొక్కితే అదే 28 అని వేసుకుంది. ఇంక అక్కడి నుంచి మొదలైంది టెన్షన్. 30వ రోజు పొద్దున్నే "1 రోజు ఆలస్యం." 32వ రోజు "3 రోజులు ఆలస్యం." 38వ రోజు దాకా రోజూ ఒక ఎర్ర అంకె. ఆలస్యం అనే మాటకి సినిమాల్లో ఒకటే అర్థం ఉంటుంది కదా, నా విషయంలో దానికి అవకాశమే లేదు, అయినా పొద్దున లేచి ఫోన్ చూడాలంటే భయం. ఇంకో విచిత్రం ఏంటంటే అది నన్ను గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా అని అడిగింది, కాంటాక్ట్స్ చూసేందుకు అనుమతి అడిగింది, లొకేషన్ అడిగింది. నాకు నెలసరి ఎప్పుడొస్తుందో చెప్పడానికి నా ఫోన్‌లో ఉన్న నంబర్లతో దానికేం పని? రెండున్నర నెలలు వాడి తీసేశాను. తీసేసే ముందు దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి నా సమాచారం కూడా చెరిపేయమని కొట్టాను, ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన వాళ్ల దగ్గరున్నది పోదు అని అప్పుడే తెలిసింది. యాప్‌లన్నీ ఇంతే అనను. ఇప్పుడు కొన్ని వివరాలన్నీ ఫోన్‌లోనే ఉంచేస్తాయి, లాగిన్ కూడా అడగవు. వాడితే అలాంటిది వెతుక్కోండి, ముందుగా ఆ "ఆలస్యం" నోటిఫికేషన్ ఆపేసుకోండి.

ఆ 28 సంగతి తర్వాత తెలుసుకున్నాను. 2019లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, ఆరు లక్షలకి పైగా సైకిల్స్ లెక్కలు తీసి చూస్తే సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతమే. అది కూడా పెద్దవాళ్లవి. పుస్తకాల్లో బొమ్మ కోసం వాడే అంకెని పట్టుకుని నేను నెలకి పది రోజులు భయపడ్డాను.

మళ్లీ నోటుబుక్కు. ఆరు సైకిల్స్ అయ్యేసరికి నా వరస ఇది: 33, 41, 26, 38, 45, 29. సగటు తీస్తే 35 వస్తుంది. ఆ ఆరింట్లో 35 ఒక్కటి కూడా లేదు! సగటు చూసి తేదీ చెప్పే ఏ యాప్ అయినా నా విషయంలో ఆరుకి ఆరుసార్లూ తప్పేది. నా వంట్లో ఏదో తేడా ఉందని అనుకున్నాను. నిజానికి లేదు, మొదలైన మొదటి రెండు మూడేళ్లలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎటు వచ్చినా మామూలే అంటారు డాక్టర్లు, పెద్దయ్యాక అది 21 నుంచి 35కి కుదురుకుంటుంది.

ఎందుకిలా ఊగుతుందో తెలిశాక నాకు సగం బెంగ తీరింది. సైకిల్‌కి రెండు భాగాలు. అండం విడుదలయ్యేదాకా ఒకటి, విడుదలయ్యాక రెండోది. రెండోది ఇంచుమించు స్థిరంగా ఉంటుంది, రెండు వారాలు అటూ ఇటూ. మొదటిదే సాగుతుంది, కుంచించుకుంటుంది. పరీక్షలు, జ్వరం, నిద్ర లేకపోవడం, బరువు బాగా తగ్గడం, విపరీతంగా ఆటలాడటం ఇవన్నీ దెబ్బ కొట్టేది ఈ మొదటి భాగాన్నే. పైగా చిన్న వయసులో మెదడు నుంచి అండాశయాలకి వెళ్లే హార్మోన్ల సంకేతాలు ఇంకా కుదురుకోక చాలా నెలలు అండం విడుదలే కాదు. అప్పుడు గర్భసంచి లోపలి పొర ఆపేవాళ్లు లేక పెరుగుతూ పోయి, ఎప్పుడో ఆలస్యంగా, ఒక్కసారిగా ఎక్కువగా ఊడి వస్తుంది. నా 45 రోజుల సైకిల్ తర్వాత వచ్చిన బ్లీడింగ్ నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ బ్లీడింగ్ దగ్గరే నా నోటుబుక్కు మారింది.

అప్పటిదాకా ఎర్ర గళ్లే కదా. ఆ నెల రెండో రోజు రాత్రి రెండుసార్లు లేచి ప్యాడ్ మార్చుకున్నాను, పక్క మీద పాత తువ్వాలు పరుచుకుని పడుకున్నాను, పొద్దున స్వెటర్ ఇచ్చిన అదే ఫ్రెండ్‌తో మాటల్లో "నీకు రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది?" అన్నాను. తను అర్థం కానట్టు చూసి "ఎందుకు మెలకువ?" అంది. తనకి పగలు మూడు ప్యాడ్లు, రాత్రి ఒకటి, అంతే. నాకు అప్పటిదాకా అందరూ నాలాగే లేస్తారనే ఉంది. ఎవరి ప్యాడ్ ఎవరు చూస్తారు చెప్పండి, ఎక్కువా తక్కువా అని పోల్చుకోవడానికి?

అప్పుడు కోడ్లు పెట్టుకున్నాను. చుక్కలుగా అయితే చు, మామూలుగా అయితే మ, ఎక్కువైతే ఎ, గడ్డలు పడితే గ. పక్కన ఆ రోజు వాడిన ప్యాడ్ల సంఖ్య. నొప్పికి సున్నా నుంచి మూడు. మా తమ్ముడు ఒకసారి ఆ పేజీ చూసేసి "అక్కా, ఈ ఎ గ ఎ గ ఏంటే, సంగీతమా?" అన్నాడు. అవునురా అన్నాను. వాడు నమ్మాడు కూడా.

రెండు నెలలు రాశాక అమ్మకి చూపించాను. అమ్మ పేజీ చూసి "నాకూ అంతే ఉండేది, అమ్మమ్మకీ అంతే, మన ఇంట్లో అందరికీ ఎక్కువే" అంది. ఓదార్చడానికే అంది పాపం. అయినా నేను మెట్లెక్కితే ఆయాసపడటం తనూ చూస్తోంది కాబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మొదట వెళ్లిన చోట నేను నోటుబుక్కు తీసుకెళ్లలేదు, సిగ్గేసింది. లోపల కూర్చుని "చాలా అవుతోంది" అన్నాను. "ఈ వయసులో మామూలేనమ్మా, సర్దుకుంటుంది" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నాకు కోపమొచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే "చాలా" అంటే ఎంత? ఆ మాట ఎక్కువ అయ్యేవాళ్లూ అంటారు, తక్కువ అయ్యేవాళ్లూ అంటారు. అయినా సరే, ఎంత అని ఎదురు అడగాల్సింది వాళ్లే కదా, అది మాత్రం ఇప్పటికీ అంటాను.

ఇంకో రెండు నెలలయ్యాక వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం, ఈసారి నోటుబుక్కు బ్యాగులో ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే అమ్మ "అన్నీ రాసుకుందండీ ఇది" అంది. ఆవిడ "ఏదీ, ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి గడి గడి చూశారు. ఎనిమిది రోజులు. రెండో రోజు 7 ప్యాడ్లు, గ, గ. రాత్రి 2. ఒక్క మాట కూడా మాట్లాడకుండా నాలుగు నెలల పేజీలూ తిప్పారు. తర్వాత ఒక్కో ప్యాడ్ ఎంత తడిసేది అని అడిగారు. అది రాయలేదు కానీ రెండో రోజుది నాకు బాగానే గుర్తుంది, నాలుగు పూర్తిగా, రెండు సగం, ఒకటి కొద్దిగా.

అప్పుడు ఒక లెక్క చెప్పారు. ప్యాడ్ కొద్దిగా తడిస్తే 1, సగం వరకూ అయితే 5, పూర్తిగా నానితే 20. చిన్న గడ్డకి 1, పెద్దదానికి 5. పీరియడ్ మొత్తానికి ఇవన్నీ కూడితే 100 దాటకూడదు, దాటితే ఎక్కువ పోతున్నట్టు. అక్కడే కూడుకున్నాను, నాలుగు ఇరవైలు 80, రెండు అయిదులు 10, ఇంకొకటి 1. గడ్డలు కలపకుండానే ఆ ఒక్క రోజుకి 91. ఇంకా ఏడు రోజులున్నాయి. అమ్మ నా వంక చూసింది, నేను నోటుబుక్కు వంక చూశాను. మామూలుగా ఒక పీరియడ్‌లో పోయేది 30, 40 మిల్లీలీటర్లట, 80 దాటితే ఎక్కువ కింద లెక్క. ప్యాడ్‌లో మిల్లీలీటర్లు ఎలా తెలుస్తాయి, అందుకే ఈ మార్కుల పద్ధతి. ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే కప్ వాడేవాళ్లకి సుఖం, చాలా కప్పుల్లో లోపల గీతలుంటాయి.

ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు వింటే నాకు ఆవిడ జాతకం చెబుతున్నారేమో అనిపించింది. మొదటిసారి నుంచీ ఇంతేనా? ముక్కులోంచి రక్తం కారుతుందా? పన్ను పీకించుకుంటే చాలాసేపు ఆగలేదా? చిన్న దెబ్బకే కమిలిపోతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? అమ్మ "మా ఇంట్లో అందరికీ" అనగానే పెన్ను ఆగింది. మాకు మామూలు అనిపించిన ఆ ముక్కే ఆవిడకి అసలు సంగతి. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని ఉంటాయి, వాన్ విల్లెబ్రాండ్ అని ఒకటుంది, ఆడపిల్లల్లో అది చాలాసార్లు బయటపడేది ఇలా పీరియడ్స్ మొదలయ్యాకేనట. ఇంకో ప్రశ్న, "ఐసు ముక్కలు నమలాలనిపిస్తుందా?" నేను నవ్వేశాను. ఫ్రిజ్‌లో ట్రే ఖాళీ చేస్తున్నానని రోజూ తిట్లు తినేదాన్ని మరి. ఐరన్ తగ్గితే కొందరికి అలా ఉంటుందట.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది, నా వయసుకి 12 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చూపించే ఫెరిటిన్ 6, అది 15 కన్నా తక్కువ ఉంటే నిల్వ లేనట్టే. గడ్డకట్టే పరీక్షలు, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి, ఇంట్లో అందరికీ ఎక్కువే అయినా లోపం మాత్రం ఏమీ కనిపించలేదు. అమ్మకి కూడా రాశారు పరీక్ష. అమ్మది నాకన్నా తక్కువ! "నాకూ అంతే ఉండేది" అన్న మనిషి ఆ రిపోర్టు పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచీ ఇద్దరం పక్కపక్కనే నిలబడి టాబ్లెట్లు మింగేవాళ్లం, ఎవరు మర్చిపోతే వాళ్లని రెండోవాళ్లు తిట్టడం. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది లేకపోతే అదో టెన్షన్. నాకు రక్తస్రావం తగ్గించే మందు కూడా ఇచ్చారు, ఎక్కువ అయ్యే మొదటి మూడు రోజులకే. అది మాత్రం డాక్టర్ చూడకుండా ఎవరికి వాళ్లు కొనుక్కుని వేసుకునేది కాదు.

మందు పనిచేస్తోందో లేదో కూడా గళ్లే చెప్పాయి. తర్వాత నెల రెండో రోజు 5, ఆ తర్వాత నెల 4. రాత్రి లేవడం ఆగింది. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 12 దాటింది, అయినా నిల్వ నిండాలని టాబ్లెట్లు ఇంకో మూడు నెలలు వాడించారు. ఐసు మీద మోజు ఎప్పుడు పోయిందో గుర్తు కూడా లేదు.

నొప్పి గడి వల్ల ఇంకోటి తెలిసింది. నాకు నొప్పి మొదటి రోజు, రెండో రోజు మధ్యాహ్నం వరకే, ప్రతిసారీ. అంతకుముందు అడిగి ఉంటే "ఉన్నన్ని రోజులూ నొప్పే" అని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. ఆ మొదటి రోజే విరేచనాలు కూడా. గర్భసంచి ముడుచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనేవి విడుదలవుతాయి, అవే పక్కనున్న పేగుల్ని కూడా కుదుపుతాయట, అందుకు రెండూ కలిసే వస్తాయి. నేను నొప్పి భరించలేని స్థాయికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మాత్ర వేసుకుని, పనిచేయట్లేదని ఏడ్చేదాన్ని. డాక్టర్ గారు చెప్పిందేంటంటే ఇబుప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా చూస్తాయి, తయారయ్యాక ఏం లాభం, మొదలవుతుండగానే వేసుకోవాలి అని. ఎంత, ఎన్నిసార్లు అనేది ఎవరికి వాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే. వేడినీళ్ల బ్యాగు మాత్రం ఎవరినీ అడక్కర్లేదు. మాత్రలు వేసుకున్నా స్కూలు మానేయాల్సినంత నొప్పి నెలనెలా ఉంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు, చూపించుకోవాల్సిన నొప్పి.

మూడ్ కూడా రాశాను కొన్నాళ్లు. నాకు డేట్‌కి ముందు కోపం ఎక్కువని, ఆ రోజుల్లోనే తమ్ముడితో గొడవలు పడతానని గట్టి నమ్మకం. నాలుగు నెలలు గొడవ జరిగిన రోజు గడిలో ఒక గీత పెట్టుకుంటూ వచ్చాను. చూస్తే గీతలు నెలంతా సమానంగా ఉన్నాయి! వాడు రోజూ విసిగిస్తాడు, అంతే. కానీ ఏ కారణం లేకుండా ఏడుపు రావడం మాత్రం నిజంగానే వచ్చే ముందు రెండు మూడు రోజుల్లోనే ఉంది, వచ్చిన మర్నాటికి మాయం. ఇప్పుడు ఊరికే కళ్లలో నీళ్లు తిరిగితే ముందు గళ్లు లెక్కపెట్టుకుంటాను. లెక్క తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగదు, కానీ ఆ రోజు ఎవరితోనూ స్నేహం తెంచుకోను.

హాస్టల్లో చేరాక ఒక గదిలో ఉంటే అందరికీ ఒకేసారి వస్తాయని పందెం కాశారు. ఈ మాట 1971లో వచ్చిన ఒక పరిశోధనతో బాగా పాకింది, తర్వాత చేసినవాళ్లకి అలా కనిపించలేదు. మేం ముగ్గురం మా తేదీలు ఒకే కాగితం మీద వేసి చూశాం. రెండు నెలలు దగ్గరికొచ్చాయి, మూడో నెల విడిపోయాయి. అయిదు రోజుల చొప్పున నెలనెలా వచ్చేవి ఎప్పుడో ఒకప్పుడు ఒకదాని మీద ఒకటి పడక ఏం చేస్తాయి. పందెం నేనే గెలిచాను, డబ్బులు మాత్రం ఇంకా రాలేదు.

ఒంటి ఉష్ణోగ్రత పద్ధతి కూడా ప్రయత్నించాను. అండం విడుదలయ్యాక అర డిగ్రీ సెల్సియస్ లోపు పెరుగుతుంది, కానీ రోజూ ఒకే టైముకి, మంచం దిగకముందే, లేవగానే చూసుకోవాలి. మూడు వారాల్లో నేను సరిగ్గా చూసింది ఆరు రోజులు. వదిలేశాను. తెల్లబట్ట మధ్యలో కొన్ని రోజులు గుడ్డు తెల్లసొనలా పలచగా, సాగేలా అవడం గమనించడం తేలిక, అది అండం విడుదలయ్యే రోజులకి గుర్తు. అది తెలియక ముందు ఏదో ఇన్ఫెక్షన్ అనుకుని భయపడ్డాను. వాసన, దురద, రంగు మారడం ఉంటే అప్పుడు భయపడాలి.

ఒక్కటి మాత్రం సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే నా జూనియర్లు అడుగుతారు. గర్భం రాదని యాప్‌లో పచ్చరంగులో చూపించే సేఫ్ రోజులని నమ్మి ఎవరూ నిర్ణయాలు తీసుకోకండి. అండం విడుదలైన రోజు ఖచ్చితంగా తెలిసేది అయిపోయాకే. 26కీ 45కీ మధ్య ఊగే సైకిల్‌కి సేఫ్ రోజు అనేది ఉండదు.

16 ఏళ్లప్పుడు ఒకసారి 52 రోజులు రాలేదు. పెద్ద పరీక్షలు, నిద్ర లేదు, సరిగా తినలేదు. అంతకు ముందైతే ఏమైపోయేదాన్నో, అప్పటికి గళ్లు చూడటం అలవాటైంది, డాక్టర్ గారికి ఫోన్ చేసి చెబితే ఒక్కసారికి ఏం కాదు, మళ్లీ మళ్లీ 45 దాటుతుంటే రా, ఒక్కసారైనా 90 రోజులు దాటితే ఆగకుండా రా అన్నారు. 53వ రోజు పొద్దున్నే వచ్చాయి. 15 ఏళ్లు నిండినా అసలు మొదలవకపోతే కూడా చూపించుకోవాలని అప్పుడే చెప్పారు, మా పిన్ని కూతురి కోసం అడిగాను.

ఇప్పుడు నాకు 20. చాలావాటిని రాయడం మానేశాను. మొదటి రోజు, ఆఖరి రోజు, ప్యాడ్లు, నొప్పి, ఇంతే, పడుకునే ముందు అర నిమిషం పని. తేదీ ఊహించడం అయితే ఎప్పుడో మానేశాను. దాని బదులు ఈమధ్య ఆరు సైకిల్స్‌లో అన్నిటికన్నా చిన్నది ఏదో చూసి, అందులోంచి రెండు తీసేసి, ఆ రోజు బ్యాగులో ప్యాడ్ పెడతాను. ఈసారి చిన్నది 26. ఇవాళ 33వ రోజు, ఇంకా రాలేదు. ప్యాడ్ 24వ రోజు నుంచీ బ్యాగులోనే ఉంది.